రచయిత నోటే విందాం: మా కాలేజీలో ఉచిత సాహిత్య పఠనాలు, తరచుగా అడిగే ప్రశ్నలు

నెలనెలా రెండో శనివారం సాయంత్రం విశాఖపట్నంలోని మా కమ్యూనిటీ కాలేజీ సెమినార్ హాల్లో ఒక రచయితో రచయిత్రో వచ్చి తమ రచన తామే చదువుతారు. ఎవరైనా రావచ్చు. గేటు దగ్గరా, ఫోన్లోనూ అడిగిందే అడుగుతుంటే చెప్పిందే చెప్పలేక ఈ పేజీ రాశాం. రాశాం అన్నాను గానీ రాసింది నేనొక్కణ్ణే. కమిటీలో మిగతా ముగ్గురూ చదివి, నా జోకులు రెండు కొట్టేసి, సరేనన్నారు.

నిజంగా ఉచితమేనా? లోపలికొచ్చాక ఏమైనా అడుగుతారా?

ఉచితమే. టికెట్ లేదు, పాస్ లేదు, చందా పుస్తకం తిప్పం, గుమ్మం దగ్గర హుండీ పెట్టం. టీ కూడా మాదే. కాకపోతే కప్పు చిన్నది.

ఎప్పుడు మొదలవుతుంది, ఎంతసేపు?

రెండో శనివారం సాయంత్రం 5:30కి మొదలై 7:15కి అయిపోతుంది. జులై నుంచి ఫిబ్రవరి దాకా, అంటే ఏడాదికి ఎనిమిదిసార్లు. మార్చి, ఏప్రిల్ పరీక్షల కాలం. మే, జూన్ నెలల్లో ఆ హాల్లో జనాన్ని కూర్చోబెడితే ఉక్కపోతకి కథ కంటే ముందు వాళ్లే కరిగిపోతారు.

5:30 అంటే 5:30కే. "మీటింగ్ ఐదున్నర అంటే ఆరున్నరకి వెళ్తే చాలు" అనే లెక్కలో బయల్దేరితే కథ సగం అయిపోయి ఉంటుంది. మొదటి రెండు నెలలూ ఆరుగురితోనే మొదలుపెట్టాం. మూడో నెల నుంచి జనం టైమ్‌కి రావడం నేర్చుకున్నారు.

రెండో శనివారమే ఎందుకంటే ఆ రోజు బ్యాంకులకి సెలవు. నవ్వకండి. తెలుగు సాహిత్యాన్ని సగం మోస్తున్నది బ్యాంకు ఉద్యోగులూ, ఎల్ఐసీ వాళ్లూ, మేష్టర్లే. వాళ్లకి కుదరని రోజు పెడితే హాలుకి కుర్చీలే దిక్కు.

ఇది పుస్తకావిష్కరణ సభా? కవి సమ్మేళనమా?

రెండూ కాదు. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఈ కార్యక్రమం పుట్టిందే ఒక ఆవిష్కరణ సభ మీద కోపంతో.

కొన్నేళ్ల కిందట ఈ ఊళ్లోనే ఒక హాల్లో ఒక కథల పుస్తకం విడుదలకి వెళ్లాను. ఆ రచయిత్రి కథలంటే నాకిష్టం. ఆవిడ గొంతు ఎలా ఉంటుందో వినాలని ముందు వరసలో కూర్చున్నాను. జ్యోతి ప్రజ్వలన అయింది. ప్రార్థనా గీతం అయింది. అధ్యక్షుల వారు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, ఇద్దరు సమీక్షకులు వరసగా మాట్లాడారు. ముఖ్య అతిథి గారు పుస్తకం చదవలేదని ముందే ఒప్పుకుని, తన చిన్నతనం గురించి ముప్పావుగంట చెప్పారు. మధ్యలో వేదిక మీదున్న ప్రతివాళ్లకీ శాలువా, జ్ఞాపిక, ఫోటో. రచయిత్రికి మైకు అందేసరికి 9 అయింది. అప్పటికే వాచ్‌మన్ వెనక లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతున్నాడు. ఆవిడ "అందరికీ నమస్కారం, సమయం మించిపోయింది కాబట్టి..." అని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నారు. పుస్తకంలోంచి ఒక్క వాక్యం చదవలేదు. పెళ్లిలో పెళ్లికూతురు తప్ప అందరూ అక్షింతలు వేయించుకున్నట్టుంది వ్యవహారం.

ఆ రాత్రి స్కూటర్ మీద ఇంటికొస్తూ అనుకున్నదే మాకు ఇప్పుడు నియమమైంది: మైకు మొదట రచయిత చేతికే. వేదిక లేదు, ఒక బల్ల, ఒక కుర్చీ ఉంటాయి. ముఖ్య అతిథి లేరు. శాలువా లేదు. శాలువా లేకపోతే మర్యాద లేనట్టే అని నొచ్చుకున్నవాళ్లు ఒకరిద్దరున్నారు. వాళ్లకి నచ్చజెప్పాం. ఇంట్లో బీరువా నిండా ఉన్న శాలువాలు ఈ సముద్రపు ఊళ్లో ఏ చలికి కప్పుకుంటారని అడిగితే వాళ్లూ నవ్వేశారు.

మరి ఆ గంటా ముప్పావులో ఏం జరుగుతుంది?

ఒక విద్యార్థి లేచి రచయితని రెండు నిమిషాల్లో పరిచయం చేస్తాడు, లేదా చేస్తుంది. అవార్డుల జాబితా చదవకూడదని వాళ్లకి ముందే చెప్తాం. పుట్టిన ఊరు, బతుకుతెరువు, రాసిన పుస్తకాలు చాలు. తర్వాత నలభై నిమిషాలు రచయిత చదువుతారు. మామూలుగా రెండు కథలు, లేదా ఒక నవలలోంచి రెండు ఘట్టాలు, కవులైతే పదిహేను దాకా కవితలు. ఆపైన టీ. తర్వాత అరగంట ప్రశ్నలు. చివర్లో ఇరవై నిమిషాలు వచ్చినవాళ్లలో ముగ్గురి వంతు. దాని గురించి కింద చెప్తాను.

చదువు మొదలయ్యే ముందు ఫ్యాన్లు ఆపుతాం. ఇది చాలామందికి నచ్చదు, కానీ తప్పదు. మా హాల్లో ఫ్యాన్లు ఎనిమిది, వయసులో నాకంటే రెండు మూడేళ్లు చిన్నవి. తిరిగినప్పుడల్లా టక్కు టక్కుమంటాయి. ఫ్యాన్లుంటే రచయిత గొంతు పెంచాలి. గొంతు పెంచగానే అది చదువు కాకుండా ఉపన్యాసమైపోతుంది. అందుకని పెద్ద కిటికీలు మూడూ బార్లా తెరిచి, ఫ్యాన్లు ఆపి, మైకు వాల్యూమ్ సగానికి దించుతాం. మొదటి అయిదు నిమిషాలూ కర్చీఫులు కదులుతాయి. ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు. కిటికీలోంచి రోడ్డు మీద షేర్ ఆటో హారన్ వినబడుతుంది, దానికి మాత్రం మేము చేయగలిగింది లేదు. ఒకసారి కథలో సరిగ్గా ఆటో వచ్చిన చోటే బయట హారన్ మోగింది. రచయిత తలెత్తి కిటికీ వైపు చూసి, "వచ్చేశాడు" అని మళ్లీ చదవడం మొదలుపెట్టారు.

కమ్యూనిటీ కాలేజీ అంటున్నారు. అంటే బయటివాళ్లు రాకూడదా?

సరిగ్గా తలకిందులు. కమ్యూనిటీ కాలేజీ అంటే ఒక కులానికో సంఘానికో చెందిన కాలేజీ అనుకుంటున్నారు కొందరు. యూజీసీ 2013లో మొదలుపెట్టిన పథకం ఇది. ఉన్న కాలేజీల్లోనే స్థానికులకి పనికొచ్చే నైపుణ్య కోర్సులు నడపాలి, పక్కనున్న పరిశ్రమలతో కలిసి పనిచేయాలి, మానేసిన చదువు మళ్లీ అందుకోవాలనుకునేవాళ్లకి కూడా తలుపు తీసి ఉంచాలి. మా దగ్గర సాయంత్రం కోర్సుకొచ్చేవాళ్లలో పగలు పరవాడ ఫార్మా కంపెనీల్లో షిఫ్టు చేసొచ్చేవాళ్లున్నారు, షాపుల్లో పనిచేసే అమ్మాయిలున్నారు. వాళ్ల క్లాసు అయ్యే వేళకే మా కార్యక్రమం మొదలవుతుంది. కాబట్టి ఊళ్లో ఎవరైనా రావచ్చు. గేటు దగ్గర "కథ వినడానికి" అనండి చాలు, ఐడీ కార్డు అడగరు.

ఈ రకం సాయంత్రాలు అమెరికాలో ఊళ్లలోని చిన్న కాలేజీల్లో మామూలేనట. మా కమిటీలో ఒకాయన కూతురు అక్కడ చదువుకుంటూ, రచయిత ఒచ్చి చదివి వెళ్లిపోతాడు నాన్నా, ఎవరూ ఎవరికీ దండ వెయ్యరు అని ఫోన్లో చెప్పిందట. మాకు ధైర్యమిచ్చింది ఆ మాటే.

నేను పెద్దగా పుస్తకాలు చదివినదాన్ని కాదు. నాకు అర్థమవుతుందా?

అవుతుంది. అమ్మమ్మ చెప్పిన కథ వినడానికి ముందుగా ఏం చదివారు? పుస్తకం చదివి రానక్కర్లేదు, రచయిత పేరు తెలియకపోయినా పర్లేదు. నచ్చకపోతే టీ టైములో వెళ్లిపోవచ్చు. తలుపు దగ్గర ఎవరూ ఆపరు, ఏమీ అనుకోరు. సగంలో లేచి వెళ్లాలంటే మాత్రం వెనక తలుపు వాడండి, ముందుది కిర్రుమంటుంది.

అచ్చులో చదువుకోవచ్చు కదా, రచయిత చదివితే ప్రత్యేకంగా ఏమొస్తుంది?

దీనికి నా దగ్గర సిద్ధాంతం లేదు, ఒక అనుభవం ఉంది.

విజయనగరం వైపు నుంచి వచ్చిన ఒక రచయిత్రి తన కథ చదివారు. జీడిపిక్కల ఫ్యాక్టరీలో పనిచేసే తల్లి, చదువు మానేసిన కొడుకు. ఆ కథ నేను అంతకుముందు మూడుసార్లు చదివాను. చివర్లో తల్లి "ఏటి సేత్తాం" అంటుంది. పక్కన ప్రశ్నార్థకం కూడా ఉంది. నేను దాన్ని మూడుసార్లూ ప్రశ్నలాగే చదువుకున్నాను, తల్లి కొడుకుని నిలదీస్తోందనుకున్నాను. ఆవిడ ఆ మాట దగ్గరికొచ్చి ఆగారు. కళ్లజోడు తీశారు. "ఏటి" ని పైకెత్తకుండా కిందికి దించి, "సేత్తాం" ని దాదాపు ఊపిరిలో కలిపేశారు. అది ప్రశ్న కాదు. పొద్దున లేచి మళ్లీ పనికి వెళ్లబోయే మనిషి చెప్పులేసుకుంటూ అనే మాట. మా వెనక వరసలో కూర్చున్న ఒక ఆవిడ, మా కాలేజీలో ఊడ్చే ఆవిడే, "అవును తల్లీ" అంది పైకే.

మన ఉత్తరాంధ్ర మాటలో సగం అర్థం రాగంలో ఉంటుంది. అచ్చులో ఆ రాగం పట్టడానికి అక్షరాలు లేవు. అందుకే ఇక్కడివాళ్లు రాసినది ఇక్కడివాళ్ల గొంతులో వినాలి. టీవీ వార్తల భాషకి అలవాటుపడి మన పిల్లలు "ఏటి" అనడానికి సిగ్గుపడుతున్నారు. అదే మాట ఒక రచయిత మైకులో, పుస్తకంలోంచి, దర్జాగా చదివితే వాళ్ల ముఖాలు ఎలా మారతాయో వెనక నుంచి చూస్తుంటాను.

యాస తెలియనివాళ్లకి?

గోదావరి వాళ్లూ, రాయలసీమ వాళ్లూ, తెలంగాణ వాళ్లూ ఈ ఊళ్లో చాలామందే ఉన్నారు, స్టీల్ ప్లాంటూ నేవీ పుణ్యమా అని. అందరూ వస్తున్నారు. ఒకటి రెండు మాటలు తెలియకపోతే పక్కవాళ్లని అడగండి. "గుంట" అంటే ఇక్కడ గొయ్యి కాదు, ఆడపిల్ల. ఈ ఒక్కటీ గుర్తుంటే చాలా కథలు గట్టెక్కుతాయి.

రచయితలని ఎవరు ఎంపిక చేస్తారు?

నలుగురం కూర్చుని పోట్లాడుకుని చేస్తాం. ఎనిమిది సాయంత్రాల్లో అయిదు ఉత్తరాంధ్ర వాళ్లకి. 2022 ఏప్రిల్ 4 నుంచి మన మూడు జిల్లాలు ఆరయ్యాయి కాబట్టి మన్యం నుంచీ, పాడేరు వైపు నుంచీ తప్పకుండా ఒకరుండాలని పట్టుబట్టి రాసుకున్నాం. అలా వచ్చిన ఒక యువకవి మొదట కువి అనే గిరిజన భాషలో చదివి, తర్వాత తెలుగులో చెప్పాడు. కువి మాకెవరికీ రాదు. అయినా హాలు నిశ్శబ్దంగా విన్నది ఆ మొదటి చదువునే.

మిగతా మూడూ ఇతర ప్రాంతాల వాళ్లకి. ఏడాదిలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మా కమిటీ సభ్యుల పుస్తకాలు పెట్టకూడదు. ఈ చివరి నియమం వల్ల కమిటీలో చేరడానికి ఎవరూ ముందుకి రావడం లేదు, అది వేరే సంగతి.

వినేవాళ్లకి ఉచితం సరే, రచయితకి కూడా ఉచితమేనా?

కాదు. ఈ ప్రశ్న అడిగినవాళ్లకి నా తరఫున ఇంకో కప్పు టీ.

మన దగ్గర రచయితని పిలిచి, రానూపోనూ ఛార్జీలు ఆయన చేతనే పెట్టించి, పైగా పది పుస్తకాలు ఉచితంగా పంచమనడం ఒక ఆచారమైపోయింది. చాలామంది రచయితలు సొంత డబ్బుతో అయిదొందలో వెయ్యో కాపీలు అచ్చువేయించుకుని, ఆ కట్టలు మంచం కిందా అటక మీదా పెట్టుకుని బతుకుతున్నవాళ్లు. ప్లంబర్‌ని పిలిస్తే డబ్బిస్తాం. కథ చదవడానికి వచ్చినవాళ్లకి నమస్కారం పెట్టి పంపిస్తాం.

మేము ప్రయాణ ఖర్చు ఇస్తాం, హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్లకి ఒక రాత్రి బస చూస్తాం, కవర్లో 2,000 రూపాయలు పెడతాం. ఎక్కువేం కాదని మాకూ తెలుసు. ఆ కవరు ఇవ్వడం కూడా టీ టైములో పక్కకి పిలిచి, ఫోటో లేకుండా. ఎక్కువమంది గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి తెల్లవారుతూనే దిగుతారు. మధ్యాహ్నం వాళ్లని ఊరు చూపిస్తామని తిప్పొద్దు, పడుకోనివ్వండి అని వాలంటీర్లకి చెప్పాల్సొచ్చింది. ఒకాయన్ని పొద్దున కైలాసగిరి, మధ్యాహ్నం సింహాచలం తిప్పి సాయంత్రం తీసుకొచ్చారు. పాపం, తన కథ చదువుతూ తనే ఆవులించారు.

డబ్బు ఎక్కడిదంటే, మా దగ్గర రిటైరైన లెక్చరర్లూ, పాత విద్యార్థులూ ముప్పైమంది నెలకి వంద రూపాయల చొప్పున వేస్తారు. హాలు, కరెంటు కాలేజీవి. లెక్క కాగితం నోటీసు బోర్డు మీద ఉంటుంది, ఎవరైనా చూడొచ్చు.

పుస్తకాలు అక్కడ దొరుకుతాయా?

తలుపు పక్కన బల్ల మీద ఉంటాయి. ఫోన్‌పే స్కానర్ రచయితదే, డబ్బు నేరుగా వాళ్లకే వెళ్తుంది. మేము కమిషన్ తీసుకోం. సంతకం చేయించుకోవచ్చు. "నాకొక కాపీ గిఫ్ట్‌గా ఇవ్వరా" అని మాత్రం అడగకండి. అడిగేది ఎక్కువగా నెలకి లక్ష పెన్షన్ వచ్చేవాళ్లే కావడం నాకెప్పటికీ వింతే.

వీడియో తీసుకోవచ్చా? ఫేస్‌బుక్ లైవ్ పెట్టొచ్చా?

ఫోటోలు చదువు మొదలైన మొదటి రెండు నిమిషాల్లో తీసుకోండి. వీడియో, లైవ్ వద్దు. కారణం ఉంది. చాలామంది ఇంకా అచ్చు కాని కథ చదువుతారు. మన పత్రికలు కథతోపాటు హామీపత్రం అడుగుతాయి, ఇది సొంత రచన, మరెక్కడా రాలేదు, సోషల్ మీడియాలో కూడా రాలేదు అని. మీరు మంచి మనసుతోనే పెట్టిన లైవ్ వల్ల ఆ కథ పత్రికకి పనికిరాకుండా పోవచ్చు. రచయిత ఒప్పుకున్న భాగం మేమే రికార్డు చేసి కాలేజీ లైబ్రరీలో పెడుతున్నాం. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అక్కడ వినొచ్చు.

నేనూ రాస్తాను. నాకు అవకాశం ఉంటుందా?

ఉంటుంది. 5:15 నుంచి 5:30 లోపల తలుపు దగ్గర డబ్బాలో మీ పేరు చీటీ వేయండి. టీ అయ్యాక మూడు చీటీలు తీస్తాం. ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. కథలో ముక్క, కవిత, ఉత్తరం, డైరీ, ఏదైనా సరే. గంట కొట్టం గానీ, అయిదు దాటగానే మా లైబ్రేరియన్ మేడమ్ లేచి నిలబడతారు. గంట కంటే అదే బాగా పనిచేస్తోంది.

అయిదు నిమిషాల్లో ఎంత పడుతుందో చాలామందికి అంచనా ఉండదు. ఇన్నాళ్లూ గడియారం పెట్టుకుని చూసినదాన్ని బట్టి చెప్తున్నా, తెలుగు తీరిగ్గా చదివితే నిమిషానికి తొంభై, నూరు మాటలు దాటవు. అంటే మీ చేతిలో 450 మాటలున్నాయి. పన్నెండు పేజీల కథ తెచ్చి గబగబా చదివేద్దామనుకోకండి. చదివినవాళ్లకీ విన్నవాళ్లకీ ఆయాసమే మిగులుతుంది.

ఫోన్లోంచి చదవొద్దు. సరిగ్గా మలుపు దగ్గర బావగారి ఫోనొస్తుంది. పెద్ద అక్షరాల్లో, కాగితానికి ఒకవైపే ప్రింటు తీసుకోండి, వాక్యం పేజీ చివర తెగకుండా చూసుకోండి. పిన్ను కొట్టకండి, మైకు ముందు కాగితం తిప్పితే వర్షం పడ్డట్టు వినిపిస్తుంది. చదివిన కాగితాన్ని మెల్లగా పక్కకి జరపండి. ఊపిరి తీసుకోవాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకోండి. ఇంట్లో ఒకసారి పైకి చదివితే ఎక్కడ నాలుక మడత పడుతుందో తెలుస్తుంది. అక్కడ తప్పు నాలుకది కాదు, వాక్యానిది.

ముందుగా క్షమాపణ చెప్పకండి. "నేనేమంత గొప్ప రచయితని కాదు, ఏదో రాశాను, తప్పులుంటే మన్నించండి" అనడానికే ఒక నిమిషం పోతుంది. వణుకు వస్తే రానివ్వండి. అరవై ఏళ్ల పెద్దాయన ఒకరు మొదటిసారి చదివినప్పుడు చేతిలో కాగితం ఎంత వణికిందంటే, ముందు వరసలోని అమ్మాయి లేచి కాగితం పట్టుకుంది. ఆయన చదివింది చనిపోయిన భార్యకి రాసిన ఉత్తరం.

వేరేవాళ్ల కవిత చదవచ్చా? శ్రీశ్రీ, రావిశాస్త్రి ఇలా?

మీ వంతులో మీదే చదవండి. ఏడాదికి ఒకసారి, డిసెంబర్లో, పాతవాళ్ల కోసం ఒక సాయంత్రం పెడతాం. ఈ ఊరి రచయితలని అప్పుడు తలో పేజీ చదువుకుంటాం.

హక్కుల సంగతి చాలామంది అడుగుతున్నారు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు కాబట్టి ఆయన రచనలు అందరివీ. శ్రీశ్రీ 1983లో పోయారు, కాబట్టి 2043 చివరిదాకా హక్కులున్నట్టే. రావిశాస్త్రి 1993, అంటే 2053. అయితే అచ్చయిన రచనలోంచి సబబైనంత భాగం పదిమంది ముందు చదవడానికి చట్టంలోనే వెసులుబాటు ఉంది. పుస్తకం మొత్తం చదివి యూట్యూబ్‌లో పెట్టడానికి లేదు.

రాజకీయాలు మాట్లాడొచ్చా?

కథలో ఉంటే ఉంటాయి. రచయిత ఏం చదవాలో మేము చెప్పం, ముందుగా చూపించమని అడగం. ఏ పార్టీ జెండా, కరపత్రం మాత్రం హాల్లోకి తేవద్దు. కాలేజీ వాళ్లు పెట్టిన షరతు అదొక్కటే.

కరపత్రాల విషయంలో ఈ ఊరికి ఒక చరిత్ర ఉంది మరి. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు ఇక్కడే జరిగినప్పుడు, రచయితలారా మీరెటువైపు అని నిలదీస్తూ విశాఖ విద్యార్థుల పేరిట ఒక కరపత్రం పంచారు. ఆ కదలికలోంచే ఆ జులై 4న హైదరాబాద్‌లో విప్లవ రచయితల సంఘం పుట్టింది, శ్రీశ్రీ అధ్యక్షుడిగా. పెద్దవాళ్లు ఒకరిద్దరు టీ టైములో ఆ రోజుల గురించి చెప్తుంటారు. కూర్చుని వినండి, అది మా కార్యక్రమం కాదు గానీ అదీ ఉచితమే.

ప్రశ్నలు అడిగేటప్పుడు నియమాలేమైనా?

ప్రశ్న అడగండి. "ప్రశ్న కాదు గానీ, ఒక చిన్న అభిప్రాయం..." అని లేచినవాళ్ల దగ్గర్నుంచి మైకు తీసుకునే పని నాది. ఇప్పటికి నలుగురు నాతో మాట్లాడటం మానేశారు. "ఈ పాత్ర మీరేనా?" అని రచయిత్రుల్నే అడుగుతున్నారు, మగవాళ్లని ఎవరూ అడగరు. కాస్త ఆలోచించండి.

విద్యార్థులకి సర్టిఫికెట్ ఇస్తారా? అటెండెన్స్ వేస్తారా?

లేదు. లేదు.

రిజిస్టర్‌లో సంతకం మాత్రం చేయండి. కాలేజీల నాణ్యత పరిశీలించే న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు చూపించడానికి కాలేజీకి అది కావాలి. జియోట్యాగ్ ఫోటో ఒకటి తీస్తాం, అదీ అందుకే. ఆ ఫోటోలో అందరూ నిద్రపోతున్నట్టు పడుతున్నారని ప్రిన్సిపాల్ గారు బాధపడ్డారు. కళ్లు మూసుకుని వింటున్నారు సార్ అని చెప్పాను. నమ్మారో లేదో.

మెట్లు ఎక్కలేను. వినికిడి కూడా తక్కువ.

హాలు మొదటి అంతస్తులో ఉంది, లిఫ్ట్ లేదు. ఇది మాకు సిగ్గుగానే ఉంది. శుక్రవారం సాయంత్రంలోగా ఆఫీసులో ఒక మాట చెప్తే కార్యక్రమాన్నే కింది గదిలోకి మారుస్తాం. అరవై కుర్చీలే పడతాయి, మిగతావాళ్లు వరండాలో కూర్చుంటారు. ఇప్పటికి మూడుసార్లు మార్చాం, ఇబ్బందేం లేదు.

వినబడనివాళ్లకి చదవబోయే రచన పెద్ద అక్షరాల ప్రింటు అయిదు కాపీలు ముందు వరసలో ఉంచుతాం. అయిపోయాక తిరిగి ఇచ్చేయాలి.

ఎలా రావాలి? బండి పెట్టుకోవడానికి చోటుందా?

ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి మద్దిలపాలెం వైపు వెళ్లే బస్సో షేర్ ఆటోనో ఎక్కండి. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి సిటీ బస్సుల్లో ఛార్జీ లేదు కదా, ఆధార్ దగ్గర పెట్టుకోండి. అప్పట్నుంచి గాజువాక, మధురవాడల నుంచి కూడా ఆడవాళ్లు గుంపుగా వస్తున్నారు. కథ ఉచితమైతే సరిపోదు, కథ దాకా రావడం కూడా ఉచితమవ్వాలని మాకు అప్పుడే తట్టింది. శ్రీకాకుళం బస్సు అందుకోవాల్సినవాళ్లు ముందే చెప్తే వాలంటీర్ బండి మీద కాంప్లెక్స్‌లో దింపుతాడు.

బైకులు లోపల పెట్టొచ్చు. కార్లకి చోటు లేదు.

వాన పడితే?

వానకి ఆపం. తుఫాను హెచ్చరిక ఉంటే వాయిదా వేస్తాం. 2014 అక్టోబర్ 12 నాటి హుద్‌హుద్ చూసినవాళ్లెవరూ ఈ ఊళ్లో అక్టోబర్ తేదీ ధైర్యంగా వేయరు. అక్టోబర్ కార్యక్రమం ఖరారైందో లేదో రెండు రోజుల ముందు నోటీసు బోర్డులో చూసుకోండి. కరెంటు పోతే ఆపం, మైకు లేకుండా దగ్గరికి జరిగి కూర్చుంటాం. నిజానికి మా అందరికీ బాగా గుర్తుండిపోయిన రెండు సాయంత్రాలూ కరెంటు పోయినవే.

పిల్లల్ని తీసుకురావచ్చా? ఏమైనా తినొచ్చా?

పిల్లల్ని తీసుకురండి. ఏడిస్తే కాసేపు వరండాలోకి తీసుకెళ్లండి. తినడం మాత్రం టీ టైములోనే. గేటు బయట బండి మీద మురీ మిక్చర్ బాగుంటుంది, కాదనను. కానీ ఆ కాగితప్పొట్లం చప్పుడు, పైన ఉల్లిపాయ వాసన... ఆ రోజు చదువుతున్న కవి గారు మధ్యలో ఆగి, "నాకూ కొంచెం" అన్నారు.

ఆ రోజు రచయిత ప్రస్తావించిన పాత కథ ఎక్కడ దొరుకుతుంది?

ముందు మా లైబ్రరీలో అడగండి, తర్వాత ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో. అక్కడా లేకపోతే శ్రీకాకుళం వెళ్లండి. ఈ ఊళ్లో ఏళ్ల తరబడి బడి పంతులుగా పనిచేసిన కాళీపట్నం రామారావు గారు 1997 ఫిబ్రవరి 22న అక్కడ కథానిలయం తెరిచారు. తెలుగు కథల కోసమే కట్టిన ఇల్లు అది. పాత పత్రికల్లో వచ్చి పుస్తకంగా రాని కథలు కూడా వేలల్లో ఉన్నాయి. చాలా కథలు వాళ్ల వెబ్‌సైట్‌లోనే చదువుకోవచ్చు. అయినా ఒక్కసారి వెళ్లి రండి, పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి ఇంట్లో ఉంటారు.

పోయిన నెల గొడుగు మర్చిపోయాను. ఎవరిని అడగాలి?

వాచ్‌మన్ గదిలో. ప్రస్తుతం అక్కడ మూడు గొడుగులు, ఒక కళ్లజోడు పెట్టె, ఒక టిఫిన్ డబ్బా మూత, అచ్చు కాని కథ ఒకటి ఉన్నాయి. గొడుగు గుర్తులు చెప్పి తీసుకెళ్లండి. నల్లగా ఉంటుందని చెప్తే చాలదు, మూడూ నల్లవే. కథ మీద పేరు లేదు. తొమ్మిది పేజీలు, నీలం సిరా, రైల్వే క్వార్టర్స్‌లో మొదలవుతుంది. రాసినవాళ్లు వచ్చి తీసుకోండి. వాచ్‌మన్ ఇప్పటికే రెండుసార్లు చదివాడు, పదో పేజీ ఎక్కడని నన్ను అడుగుతున్నాడు.